ఉప్పునీటి ముందు తేలిపోతున్న మోకాళ్ల చికిత్సలు

మోకాళ్ల అరుగుదలకు చికిత్సలకేం కొదవ లేదు. నొప్పి మాత్రలు, పైపూత జెల్‌లు, స్టెరాయిడ్ ఇంజెక్షన్లు, గుజ్జు ఇంజెక్షన్లు, పీఆర్‌పీ (సొంత రక్తం నుంచి చేసే ఇంజెక్షన్), మూలకణాలు, కీహోల్ ఆపరేషన్, అన్నీ అయ్యాక మోకీలు మార్పిడి. వీటిలో దేన్ని తీసుకున్నా "నాకు బాగా పనిచేసింది" అని చెప్పేవాళ్లు దొరుకుతారు. వాళ్లు అబద్ధం చెప్పడం లేదు. అయినా ఇవే చికిత్సలను కట్టుదిట్టమైన పరిశోధనలో పెట్టి చూస్తే, చాలావాటికి ఉత్తుత్తి చికిత్సతో వచ్చే ఉపశమనం కంటే చెప్పుకోదగ్గ అదనపు లాభం కనిపించలేదు. పేషెంట్లు చెప్పేదీ నిజమే, పరిశోధన చెప్పేదీ నిజమే. ఈ రెండూ ఒకేసారి ఎలా కుదురుతాయో అర్థమైతే, మోకాళ్ల చికిత్సల గురించి రోజూ వచ్చే వార్తల్లో దేన్ని నమ్మాలో సగం తెలిసినట్టే.

సమస్య చిన్నదేమీ కాదు. 2020 నాటికి ప్రపంచంలో 59.5 కోట్ల మందికి ఏదో ఒక కీలులో ఆస్టియో ఆర్థరైటిస్ (కీళ్ల అరుగుదల) ఉందని అంచనా. అందులో పెద్ద వాటా మోకాలిదే. ఇంతమందికి ఉన్న జబ్బు, దశాబ్దాల పరిశోధన, వేల కోట్ల పెట్టుబడి. ఇన్ని ఉన్నా అరుగుదలను ఆపుతుందని రుజువై, ఔషధ నియంత్రణ సంస్థల ఆమోదం పొందిన మందు ఈ రోజుకీ ఒక్కటీ లేదు.

ఎక్స్‌రే ఒకటి చెబుతుంది, మోకాలు ఇంకొకటి

మోకాలి ఆస్టియో ఆర్థరైటిస్ అనగానే గుజ్జు అరిగిపోయిందని, ఎముకా ఎముకా రాసుకుంటున్నాయని చెబుతారు. ఈ వివరణ సగమే సరైనది. ఎముకల చివర్లను కప్పి ఉండే మృదులాస్థి పలచబడటం నిజమే. కానీ మృదులాస్థిలో నరాలు ఉండవు. కాబట్టి నొప్పి నేరుగా అక్కడ పుట్టదు. దాని కింద ఉన్న ఎముక, కీలు లోపలి భాగాన్ని కప్పే సైనోవియం పొర, చుట్టూ ఉన్న కొవ్వు, లిగమెంట్లు, వీటన్నిటిలో నరాలు ఉంటాయి. నొప్పి ఎక్కువగా అక్కడి నుంచే వస్తుంది. ఏళ్ల తరబడి నొప్పి పడినవాళ్లలో వెన్నుపాము, మెదడు కూడా చిన్న సంకేతాన్ని పెద్దదిగా వినడం అలవాటు చేసుకుంటాయి.

అందుకే ఎక్స్‌రే గ్రేడుకీ నొప్పికీ పొంతన కుదరదు. 1957లో కెల్‌గ్రెన్, లారెన్స్ అనే ఇద్దరు వైద్యులు ప్రతిపాదించిన 0 నుంచి 4 దాకా ఉండే గ్రేడ్లనే ఇప్పటికీ వాడుతున్నారు. గ్రేడ్ 4 ఉన్నా ఇబ్బంది లేకుండా తిరిగేవాళ్లు ఉన్నారు. గ్రేడ్ 1తోనే మెట్లెక్కలేనివాళ్లూ ఉన్నారు. ఎమ్మారై వస్తే ఈ గందరగోళం తీరుతుందనుకున్నారు. అది మరింత పెరిగింది. అమెరికాలోని ఫ్రేమింగ్‌హామ్‌లో, ఎక్స్‌రేలో అరుగుదల కనపడని 50 ఏళ్లు దాటిన 710 మందికి ఎమ్మారై తీస్తే, 89 శాతం మంది మోకాళ్లలో ఏదో ఒక లోపం కనిపించింది. నొప్పి లేనివాళ్లలోనూ ఇంచుమించు అదే లెక్క. అదే పట్టణంలో 2008లో వెలువడిన మరో అధ్యయనంలో 991 మందిని పరీక్షించారు. మోకాలి లోపల దిండులా పనిచేసే మెనిస్కస్ చిరిగి ఉన్నవాళ్లలో 61 శాతం మందికి అంతకుముందు నెల రోజుల్లో మోకాలి నొప్పి గానీ బిగుసుకోవడం గానీ లేనే లేదు.

మోకాలు నొప్పి పెడుతుంది, స్కాన్ తీస్తారు, చిరుగు కనిపిస్తుంది, చిరుగు వల్లే నొప్పి అనుకుంటారు, దాన్ని కత్తిరిస్తారు. కీహోల్ సర్జరీలు లెక్కకు మించి జరిగింది ఈ తర్కం మీదే.

హ్యూస్టన్‌లో చేసిన ఉత్తుత్తి ఆపరేషన్

ఆ తర్కాన్ని మొదటిసారి గట్టిగా పరీక్షించింది హ్యూస్టన్‌లోని మాజీ సైనికుల ఆస్పత్రిలో జరిగిన పరిశోధన. దాని ఫలితాలు 2002 జులైలో న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చాయి. 180 మంది మోకాళ్ల నొప్పి పేషెంట్లను లాటరీ పద్ధతిలో మూడు భాగాలు చేశారు. ఒక భాగానికి ఆర్త్రోస్కోపీతో, అంటే కీహోల్ పద్ధతిలో, మోకాలి లోపల శుభ్రం చేసి, చెడిన భాగాలను గీకేశారు. రెండో భాగానికి సెలైన్‌తో (ఉప్పునీటితో) కడగడం వరకే చేశారు. మూడో భాగానికి మత్తుమందు ఇచ్చి, చర్మం మీద గాట్లు పెట్టి, కీలు జోలికి పోకుండా కుట్లు వేశారు. పేషెంటుకి అనుమానం రాకుండా సర్జన్ మామూలు ఆపరేషన్‌లో లాగే పరికరాలు అడుగుతూ, కాలిని కదుపుతూ, నీళ్ల చప్పుడు కూడా వినిపించారు.

పరిశోధనలో చేరే ముందు ప్రతి పేషెంటూ తనకు ఉత్తుత్తి ఆపరేషన్ జరగవచ్చని, దానివల్ల మోకాలికి ఏ లాభమూ ఉండదని తెలుసునంటూ తన చేత్తో రాసివ్వాల్సి వచ్చింది. అర్హులైన 324 మందిలో 144 మంది ఒప్పుకోలేదు. ఒప్పుకొన్నవాళ్లను రెండేళ్లు గమనించారు. నొప్పి విషయంలో గానీ, నడక, మెట్లెక్కడం విషయంలో గానీ, ఆ రెండేళ్లలో ఏ దశలోనూ నిజం ఆపరేషన్ జరిగినవాళ్లు మెరుగ్గా లేరు.

సర్జన్లలో చాలామందికి ఇది మింగుడుపడలేదు. పేషెంట్లంతా దాదాపు మగవాళ్లేనని, ఆపరేషన్లన్నీ చేసింది ఒక్క సర్జనేనని అభ్యంతరాలు వచ్చాయి. అవి కొట్టిపారేసే అభ్యంతరాలేమీ కావు. ఆ తర్వాతి పరిశోధనలు వాటికి బదులిచ్చాయి. 2008లో కెనడాలో ఫిజియోథెరపీకి ఆపరేషన్‌ని జోడించి చూశారు. ఫిజియోథెరపీ ఒక్కటే చేయించుకున్నవాళ్ల కంటే రెండేళ్ల తర్వాత అదనపు లాభం ఏమీ కనపడలేదు. 2013లో ఫిన్లాండ్ పరిశోధకులు ఇంకో అడుగు ముందుకేశారు. ఎక్స్‌రేలో అరుగుదల లేకుండా, వయసుతో మెనిస్కస్ చిరిగిన 146 మందిని ఎంచుకున్నారు. ఆపరేషన్ పనిచేస్తే వీళ్లకే పనిచేయాలని అంతా అనుకునే పేషెంట్లు వీళ్లు. అక్కడ కూడా ఏడాది తర్వాత నిజం ఆపరేషన్‌కీ ఉత్తుత్తి ఆపరేషన్‌కీ తేడా తేలలేదు. 2017లో బీఎంజే పత్రికలో అంతర్జాతీయ నిపుణుల బృందం, వయసుతో వచ్చే మోకాలి అరుగుదలకు ఆర్త్రోస్కోపీ చేయవద్దని గట్టిగా సిఫార్సు చేసింది. మొదటి రుజువుకీ ఆ మాటకీ మధ్య 15 ఏళ్లు గడిచాయి.

ఉత్తుత్తి చికిత్సకి అంత బలం ఎక్కడిది?

గాట్లు పెట్టి కుట్లేసినవాళ్లకు కూడా నొప్పి ఎందుకు తగ్గింది? మనసు మాయ అని ఒక్క మాటలో తేల్చేస్తారు చాలామంది. అసలు కారణంలో అది ఒక భాగమే.

మోకాళ్ల నొప్పి ఎప్పుడూ ఒకేలా ఉండదు. కొన్ని వారాలు బాగా పెరుగుతుంది, కొన్ని వారాలు తగ్గుతుంది. మనిషి డాక్టర్ దగ్గరికి వెళ్లేది, పరిశోధనలో పేరు నమోదు చేసుకునేది నొప్పి బాగా పెరిగినప్పుడు. పైగా నొప్పి ఫలానా స్థాయికి మించి ఉంటేనే పరిశోధనలో చేర్చుకుంటారు. అంటే అందరూ తమ తమ శిఖరం మీద ఉన్నప్పుడు లెక్క మొదలవుతుంది. అక్కడి నుంచి ఏమీ చేయకపోయినా కిందికే దిగుతారు. గణాంకాల్లో దీన్ని సగటు వైపు మళ్లడం అంటారు. జలుబు మందు వేసుకుంటే వారంలో, వేసుకోకపోతే ఏడు రోజుల్లో తగ్గుతుందన్న పాత మాటలో ఉన్నది ఈ లెక్కే.

దీనికి తోడు కొలిచే పద్ధతి. రక్తపోటులా నొప్పిని కొలిచే యంత్రం లేదు. వోమాక్ అనే ప్రశ్నావళిలో 24 ప్రశ్నలుంటాయి. నొప్పి మీద 5, బిగుసుకోవడం మీద 2, రోజువారీ పనుల మీద 17. జవాబిచ్చేది పేషెంటే. ఖరీదైన చికిత్స తీసుకున్నాక, శ్రద్ధగా చూసుకున్న డాక్టర్ ఎదురుగా కూర్చుని అడిగితే, కొంచెం మెరుగనే చెబుతాం. ఇది మోసం కిందికి రాదు, మనిషి స్వభావం. ఇంకా, ఆశ పెట్టుకున్న మెదడు తన సొంత నొప్పి నివారణ రసాయనాలను విడుదల చేస్తుందని కూడా ప్రయోగాల్లో తేలింది. కాబట్టి ఉపశమనంలో నిజమైన భాగం కూడా ఉంది.

2008లో 198 పరిశోధనలను కలిపి చూసిన ఒక సమీక్ష, ఆస్టియో ఆర్థరైటిస్‌లో ప్లాసిబో (ఉత్తుత్తి చికిత్స) ప్రభావం చాలా నొప్పి మందుల అదనపు ప్రభావం కంటే పెద్దదని తేల్చింది. అన్ని ప్లాసిబోలూ సమానం కూడా కావు. ఉత్తుత్తి మాత్ర కంటే ఉత్తుత్తి ఇంజెక్షన్‌తో ఎక్కువ ఉపశమనం కలుగుతుంది. సూది ఎంత పెద్దదైతే, తతంగం ఎంత ఎక్కువైతే అంత నమ్మకం. దీని పర్యవసానం తేలిగ్గా తీసుకోదగ్గది కాదు. ఇంజెక్షన్‌ని మాత్రతో పోల్చి "ఇంజెక్షనే మేలు" అని తేలిస్తే, అందులో మందు గొప్పతనమెంతో, సూది గొప్పతనమెంతో విడదీయలేం. ఒక చికిత్స పనిచేసిందన్న మాట వినగానే "దేనితో పోలిస్తే?" అని అడగాల్సి వచ్చేది ఇందుకే.

ఇంజెక్షన్ల సంగతి

ఈ ప్రశ్నకు బాగా చిక్కింది గుజ్జు ఇంజెక్షన్. హయలురోనిక్ యాసిడ్ అనే జిగట పదార్థం కీలు ద్రవంలో సహజంగానే ఉంటుంది, అరుగుదలలో అది పలచబడుతుంది, కాబట్టి బయటి నుంచి నింపితే సరి అన్నది ఆలోచన. వినడానికి ఎంతో సబబుగా ఉంటుంది. 2022లో బీఎంజేలో వచ్చిన విశ్లేషణ 169 పరిశోధనలను, 21 వేల మందికి పైగా పేషెంట్లను లెక్కలోకి తీసుకుంది. చిన్న చిన్న పరిశోధనల్లో లాభం పెద్దగా కనిపించింది. ప్లాసిబోతో పోల్చిన పెద్ద పరిశోధనలను విడిగా చూస్తే, 100 మిల్లీమీటర్ల నొప్పి గీత మీద తేడా దాదాపు 2 మిల్లీమీటర్లు. పేషెంటుకి తెలిసే తేడా ఇంతకు ఎన్నో రెట్లు ఉండాలి. తీవ్రమైన దుష్ప్రభావాలు కూడా ప్లాసిబో కంటే ఎక్కువే కనిపించాయి. పరిశోధన చిన్నదైతే లాభం పెద్దదిగా, పెద్దదైతే చిన్నదిగా కనిపిస్తోందంటే, అనుకూలంగా రాని చిన్న పరిశోధనలు అచ్చుకాకుండా అటకెక్కి ఉంటాయని అనుమానించాల్సిందే.

పీఆర్‌పీది ఇంకా తాజా ఉదాహరణ. పేషెంటు సొంత రక్తం నుంచి ప్లేట్‌లెట్లు ఎక్కువగా ఉండే భాగాన్ని వేరుచేసి మోకాలిలోకి ఎక్కిస్తారు. సొంత రక్తం కాబట్టి ప్రమాదం లేదన్న ధీమా, వృద్ధి కారకాలు కీలును బాగుచేస్తాయన్న ఆశ కలిసి దీన్ని ప్రపంచమంతటా పెద్ద వ్యాపారంగా మార్చాయి. ఆస్ట్రేలియాలో 288 మందితో జరిగిన రెస్టోర్ పరిశోధన 2021లో జామా పత్రికలో వచ్చింది. వారానికొకటి చొప్పున మూడు ఇంజెక్షన్లు. సగం మందికి పీఆర్‌పీ, సగం మందికి సెలైన్. ఏడాది తర్వాత నొప్పి 0 నుంచి 10 స్కేలు మీద పీఆర్‌పీ వాళ్లకు 2.1, సెలైన్ వాళ్లకు 1.8 పాయింట్లు తగ్గింది. మృదులాస్థి పరిమాణం పీఆర్‌పీ వాళ్లలో 1.4 శాతం, సెలైన్ వాళ్లలో 1.2 శాతం తగ్గింది. ఈ రెండు కొలతల్లోనూ చెప్పుకోదగ్గ తేడా లేనట్టే. తయారీ పద్ధతి వేరైతే, ప్లేట్‌లెట్ల మోతాదు పెంచితే ఫలితం మారేదని పీఆర్‌పీ సమర్థకుల వాదన. కావచ్చు. అయితే దాన్ని అలాంటి పరిశోధనతోనే చూపించాలి, అప్పటిదాకా అది వాదనే.

సెలైన్ నిజంగా పనికిమాలిన నీరేనా అన్న ప్రశ్న కూడా కొందరు వేస్తున్నారు. కీలులో ఉన్న వాపు రసాయనాలను అది పలచన చేస్తుండవచ్చంటారు. అలాగే అనుకున్నా, ఖరీదైన ఇంజెక్షన్ చవకైన నీటి కంటే మెరుగ్గా లేకపోవడం మారదు.

మూలకణాల విషయానికొస్తే, 475 మందితో అమెరికాలో జరిగిన పరిశోధన ఫలితాలు 2023లో వచ్చాయి. ఎముక మజ్జ, కొవ్వు, బొడ్డుతాడు, ఈ మూడింటి నుంచి తీసిన కణాలను స్టెరాయిడ్ ఇంజెక్షన్‌తో పోల్చారు. ఏడాది తర్వాత ఏదీ స్టెరాయిడ్‌ని మించలేదు. ఇక ఆ స్టెరాయిడ్ సంగతి చూస్తే, దాని లాభం కొన్ని వారాలదే. 2017లో 140 మందికి రెండేళ్లపాటు 12 వారాలకోసారి స్టెరాయిడ్ గానీ సెలైన్ గానీ ఇచ్చి చూస్తే నొప్పిలో తేడా లేదు, స్టెరాయిడ్ పడిన మోకాళ్లలో మృదులాస్థి మాత్రం ఎక్కువ పలచబడింది. 2020లో 156 మందితో జరిగిన మరో పోలికలో, ఏడాది చివర స్టెరాయిడ్ వాళ్లకంటే ఫిజియోథెరపీ వాళ్లే నొప్పిలో, కదలికల్లో మెరుగ్గా ఉన్నారు. బాగా వాచిన మోకాలికి, అత్యవసరంగా కొన్ని వారాల ఊరట కావాల్సినవాళ్లకు స్టెరాయిడ్ పనికొస్తుంది. అలవాటుగా మూడు నెలలకోసారి వేయించుకోవడానికి ఆధారం లేదు.

మాత్రలు

మాత్రల్లో పాఠం లాంటిది గ్లూకోసమైన్. కాండ్రాయిటిన్‌లాగే ఇదీ కీళ్లకు మంచిదని అమ్మే సప్లిమెంటు. అమెరికా ప్రభుత్వ నిధులతో 1583 మందితో జరిగిన గెయిట్ పరిశోధన 2006లో వెలువడింది. నొప్పి కనీసం 20 శాతం తగ్గితే పనిచేసినట్టు లెక్క. 24 వారాల తర్వాత గ్లూకోసమైన్ వాడినవాళ్లలో 64 శాతం మందికి, కాండ్రాయిటిన్ వాడినవాళ్లలో 65.4 శాతం మందికి, రెండూ కలిపి వాడినవాళ్లలో 66.6 శాతం మందికి పనిచేసింది. ఇంతవరకే చదివితే ఏ మందుల షాపైనా గోడకు అంటించుకోవచ్చు. అయితే ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లలో కూడా 60.1 శాతం మందికి పనిచేసింది. తేడా కాకతాళీయం కావడానికి వీలున్నంత చిన్నది. సెలెకాక్సిబ్ అనే అసలు నొప్పి మాత్ర 70.1 శాతంతో ప్లాసిబోను దాటింది, అదీ పది పాయింట్ల తేడాతోనే. నొప్పి ఎక్కువగా ఉన్న చిన్న ఉపవర్గంలో రెండూ కలిపిన మాత్ర 79.2 శాతం మందికి పనిచేసినట్టు కనిపించింది. అమ్మకందారులు పట్టుకున్నది ఆ ఒక్క అంకెనే.

పారాసిటమాల్ పరిస్థితి కూడా ఆశ్చర్యపరుస్తుంది. ఎన్నో ఏళ్లు మొదటి మందుగా రాసిన ఈ మాత్ర, ఆస్టియో ఆర్థరైటిస్ నొప్పి మీద పెద్దగా ఏమీ చేయదని 74 పరిశోధనల ఉమ్మడి విశ్లేషణ తేల్చింది. డైక్లోఫెనాక్ లాంటి వాపు తగ్గించే మాత్రలు నిజంగానే పనిచేస్తాయి, కానీ కడుపు, కిడ్నీ, గుండె మూడింటికీ ముప్పు తెస్తాయి. రోఫెకాక్సిబ్ అనే మాత్ర గుండెపోట్ల ముప్పు పెంచుతోందని తేలి 2004 సెప్టెంబరులో ప్రపంచవ్యాప్తంగా మార్కెట్ నుంచి వెనక్కి వెళ్లిపోయింది. డైక్లోఫెనాక్ లాంటి మందునే జెల్‌గా మోకాలికి రాస్తే రక్తంలోకి వెళ్లేది చాలా తక్కువ, నొప్పి మీద ప్రభావం మాత్రం మాత్రకు దగ్గరగానే ఉంటుంది. మోకాలు చర్మానికి దగ్గరగా ఉండే కీలు కావడం ఇక్కడ కలిసొచ్చింది. ఇంత సాదాసీదా చికిత్సకు మార్గదర్శకాల్లో ముందు వరుసలో చోటు దక్కడం సబబే. ఓపియాయిడ్ల (నల్లమందు జాతికి చెందిన బలమైన నొప్పి మందుల) మీద 2018లో వచ్చిన స్పేస్ పరిశోధన మాటకూడా చెప్పాలి. నడుము, తుంటి, మోకాలి నొప్పులున్న 240 మందిలో ఏడాది చివర, మామూలు నొప్పి మందుల కంటే ఓపియాయిడ్లు మేలు చేయలేదు. నొప్పి తీవ్రతలో కాస్త వెనకబడ్డాయి కూడా.

మృదులాస్థి పెరిగింది, నొప్పి మాత్రం ఉంది

జబ్బును మూలంలోనే ఆపే మందు కోసం జరిగిన వేట ఇంకో రకంగా బోల్తా పడింది. స్ప్రిఫెర్మిన్ అనే ప్రోటీన్‌ని 549 మంది మోకాళ్లలోకి ఇంజెక్షన్‌గా ఇచ్చారు. 2019లో వచ్చిన ఫలితాల ప్రకారం, ఎక్కువ మోతాదు ఆరు నెలలకోసారి తీసుకున్నవాళ్లలో రెండేళ్లకు మృదులాస్థి 0.03 మిల్లీమీటరు మందం పెరిగింది, ప్లాసిబో వాళ్లలో 0.02 మిల్లీమీటరు తగ్గింది. మృదులాస్థి పెరగదని చెప్పుకునే చోట ఇది నిజంగా విశేషమే. అయితే నొప్పి, కదలికల స్కోర్లలో గుర్తించదగ్గ తేడా రాలేదు. నరాలు లేని పొరను కొద్దిగా మందం చేస్తే నొప్పి ఎందుకు తగ్గాలి? ఆ లాభం కనపడాలంటే ఇంకా చాలా ఏళ్లు ఆగాలేమో. అన్నేళ్ల పరిశోధనకు డబ్బు పెట్టే కంపెనీలు తక్కువ.

టానెజుమాబ్‌ది దీనికి పూర్తిగా తలకిందులు. నరాల వృద్ధి కారకాన్ని అడ్డుకునే ఈ ఇంజెక్షన్ నొప్పిని ప్లాసిబో కంటే స్పష్టంగా తగ్గించింది. అయితే కొందరిలో కీళ్లు ఊహించనంత వేగంగా పాడయ్యాయి. 2010లో అమెరికా నియంత్రణ సంస్థ ప్రయోగాలను నిలిపివేయించింది, తర్వాత జాగ్రత్తలతో మళ్లీ అనుమతించింది. చివరికి 2021 మార్చిలో సలహా సంఘం 19–1 ఓట్లతో వ్యతిరేకించింది, అదే ఏడాది కంపెనీలు చేతులెత్తేశాయి. ఒక మందు కీలును బాగుచేసి నొప్పిని వదిలేసింది, ఇంకొకటి నొప్పిని తగ్గించి కీలును దెబ్బతీసింది. నొప్పి, అరుగుదల వేర్వేరు దారుల్లో నడుస్తాయనడానికి ఇంతకంటే పెద్ద సాక్ష్యం అక్కర్లేదు.

వ్యాయామానికి వేరే కొలబద్ద పెట్టాలా?

మార్గదర్శకాలన్నీ ముక్తకంఠంతో చెప్పే చికిత్స వ్యాయామం. వైద్య పరిశోధనలను కలిపి తూచే కాక్రేన్ సంస్థ 2015 నాటి సమీక్ష ప్రకారం అది నొప్పిని 100కి సుమారు 12 పాయింట్లు తగ్గిస్తుంది. ఏ రకం వ్యాయామం అన్న దానికి పెద్ద పట్టింపు కూడా లేదు. 2016లో 204 మందితో జరిగిన పరిశోధనలో తాయ్ చీ అనే చైనా వ్యాయామానికీ ఫిజియోథెరపీకీ ఫలితం ఇంచుమించు ఒకటే.

కానీ పైన ఇంజెక్షన్లను నిలదీసిన ప్రశ్నే ఇక్కడా వేయాలి. దేనితో పోలిస్తే? ఎక్కువ పరిశోధనల్లో ఏమీ చేయనివాళ్లతో పోల్చారు. వ్యాయామం చేసినవాళ్లకు తాము చేశామని తెలుసు, కళ్లకు గంతలు కట్టలేం. డెన్మార్క్ పరిశోధకులు 2022లో ధైర్యం చేసి, 206 మందిలో సగం మందికి ఎనిమిది వారాల వ్యాయామం, అవగాహన తరగతులు, మిగతా సగానికి నాలుగు సెలైన్ ఇంజెక్షన్లు ఇచ్చారు. అది ఉప్పునీరేనని పేషెంట్లకు ముందే చెప్పేశారు కూడా. రెండు వర్గాలకూ నొప్పి తగ్గింది. రెంటి మధ్య చెప్పుకోదగ్గ తేడా తేలలేదు.

వ్యాయామాన్ని నెత్తిన పెట్టుకున్న రంగానికి ఇది ఇబ్బందికరమైన ఫలితమే. దాన్ని దాటవేయకుండానే వ్యాయామం వైపు మొగ్గడానికి కారణం ఉంది. గుండె, షుగరు, నిద్ర, పడిపోయే ముప్పు, వీటన్నిటి మీద వ్యాయామం చేసే మేలు విడిగా రుజువైంది, సెలైన్‌కి అదేమీ లేదు. నొప్పి తగ్గింపులో దాని అసలు వాటా చెప్పుకుంటున్నంత ఉండకపోవచ్చు. దాన్ని సూచించేటప్పుడు ఆ సంగతి కూడా చెప్పడం నిజాయితీ.

ఆఖరి మెట్టు

మోకీలు మార్పిడిని ఉత్తుత్తి ఆపరేషన్‌తో పోల్చడం నైతికంగా ఎవరూ ఒప్పుకునే పని కాదు. ఉన్నవాటిలో మంచి రుజువు డెన్మార్క్‌లో 100 మందితో చేసి 2015లో ప్రచురించిన పరిశోధన. సగం మందికి ఆపరేషన్‌తో పాటు వ్యాయామం, ఆహార సలహా, నొప్పి మందులు. మిగతా సగానికి ఆపరేషన్ తప్ప మిగిలినవన్నీ. ఏడాది తర్వాత 100 పాయింట్ల స్కోరులో మొదటివాళ్లు 32.5, రెండోవాళ్లు 16 మెరుగయ్యారు. ఈ తేడా ఇప్పటిదాకా చూసిన ఏ ఇంజెక్షన్‌కీ అందనిది. మరోపక్క తీవ్రమైన దుష్ప్రభావాలు ఆపరేషన్ వర్గంలో 24, రెండో వర్గంలో 6. ఆపరేషన్ లేని వర్గంలో ఆ ఏడాదిలో మోకీలు మార్పించుకున్నది 13 మందే. అంటే ఆపరేషన్ అర్హత ఉన్నవాళ్లలో కూడా నాలుగింట మూడొంతుల మంది కనీసం ఏడాదిపాటు అది లేకుండానే నెట్టుకొచ్చారు. అమర్చిన కీళ్లలో సుమారు 82 శాతం 25 ఏళ్లు నిలుస్తాయని 2019లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన అంచనా. నలభైల్లో ఉన్నవాళ్లకు, డెబ్బైల్లో ఉన్నవాళ్లకు ఈ అంకె ఒకే కబురు చెప్పదు.

బరువు

తగ్గిన ప్రతి కిలోకీ, వేసే ప్రతి అడుగులో మోకాలి మీద నాలుగు కిలోల భారం తగ్గుతుందని 2005లో లెక్కగట్టారు. అదే బృందం 454 మంది అధిక బరువున్నవాళ్లతో చేసిన ఐడియా పరిశోధన 2013లో వచ్చింది. ఆహార నియమం, వ్యాయామం కలిపి పాటించినవాళ్లు 18 నెలల్లో 11.4 శాతం బరువు తగ్గారు. 20 పాయింట్ల నొప్పి స్కోరు వాళ్లలో 3.6కి దిగింది, వ్యాయామం మాత్రమే చేసినవాళ్లలో 4.7 దగ్గర ఆగింది.

2024లో సెమాగ్లూటైడ్ వంతు వచ్చింది. షుగరుకూ ఊబకాయానికీ వాడే ఈ వారానికో ఇంజెక్షన్‌ని 11 దేశాల్లో, మోకాళ్ల నొప్పి, ఊబకాయం రెండూ ఉన్న 407 మందికి 68 వారాలు ఇచ్చి చూశారు. బరువు 13.7 శాతం తగ్గింది, ప్లాసిబో వాళ్లలో 3.2 శాతం. వోమాక్ నొప్పి స్కోరు 100కి 41.7 పాయింట్లు తగ్గింది. ప్లాసిబోతో కూడా 27.5 తగ్గింది, ఇక్కడా ఉత్తుత్తి మందు తన వాటా తాను తీసుకుంది. మిగిలిన 14 పాయింట్లు మాత్రం మాత్రలతో, ఇంజెక్షన్లతో అరుదుగా కనిపించే తేడా.

దీన్నీ అదే కొలబద్దతో చూడాలి. ఎవరికి మందు, ఎవరికి ప్లాసిబో అన్నది రహస్యంగా ఉంచినా, పది కిలోలు తగ్గి బట్టలు వదులైన మనిషికి తనకు పడింది అసలు మందేనని ఇట్టే తెలిసిపోతుంది. ఆ నమ్మకం నొప్పి స్కోరులో ఎంత కలిసిందో విడదీసే వీలు లేదు. ఈ కోణంలో 2025లో ఆస్ట్రేలియా నుంచి వచ్చిన చిన్న పరిశోధన ఆసక్తికరం. పాతదీ చవకదీ అయిన మెట్‌ఫార్మిన్ అనే షుగరు మాత్రని అధిక బరువు, మోకాళ్ల నొప్పి ఉన్న 107 మంది మీద ఆరు నెలలు పరీక్షించారు. 100 మిల్లీమీటర్ల గీత మీద నొప్పి మెట్‌ఫార్మిన్‌తో 31.3, ప్లాసిబోతో 18.9 తగ్గింది. 107 మంది అంటే గుజ్జు ఇంజెక్షన్ పుష్కలంగా గెలిచిన చిన్న పరిశోధనల కోవలోకే వస్తుంది. పేటెంటు లేని మందు కాబట్టి, దీన్ని ఇంతకు పదింతల మంది మీద పరీక్షించే ఖర్చు ఏ కంపెనీ కూడా పెట్టుకోదు. అది ప్రభుత్వ నిధులతో జరగాల్సిన పని.